ముందు ఏ పైథాన్ పలుకుతోందో తేల్చుకోండి

ప్రశ్న: నేను ఒక శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిని. మా దగ్గర దాదాపు నాలుగు వేల తెలుగు పుస్తకాలున్నాయి. వాటి వివరాలన్నీ చేతిరాత రిజిస్టర్లలోనే ఉన్నాయి. పైథాన్ భాష కొద్దిగా వచ్చు కనుక, దానితో వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే సాధనంతో పుస్తకాల పట్టిక సొంతంగా తయారు చేసుకోవాలని ఒక వీడియో పాఠం ముందు పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. మాది విండోస్ 11 లాప్‌టాప్, ర్యామ్ 8 జీబీ. మొదటి రోజు ‘పైథాన్’ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంది. పైథాన్ ఇన్‌స్టాల్ చేశాక, రెండో రోజు జాంగో ఎక్కిందని చెప్పింది గానీ ప్రాజెక్టు నడపబోతే ‘నో మాడ్యూల్ నేమ్డ్ జాంగో’ అంది. మూడో రోజు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయబోతే, ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడానికి వీల్లేదని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. మా అబ్బాయి ఏదో కోర్సు కోసం ఇదే లాప్‌టాప్‌లో ఇంతకు ముందు అనకొండా (తనదైన పైథాన్‌ను వెంట తెచ్చుకునే ప్రోగ్రాముల మూట) వేసుకున్నాడు. లాప్‌టాప్ ఫార్మాట్ చేయించాలా? లినక్స్‌కు మారాలా? ముందే హోస్టింగ్ కొనేసుకుంటే ఈ తిప్పలు తప్పుతాయా? నలభై ఆరేళ్ల వయసులో ఇది నాకు అయ్యే పనేనా?

సమాధానం: నమస్కారమండీ. మీ నాలుగు ప్రశ్నల్లో మొదటి మూడింటికీ నా జవాబు ‘అక్కర్లేదు’ అనే. నాలుగోదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది: ఏ రోజు ఏం కొడితే ఏం వచ్చిందో వరుస తప్పకుండా రాయగలిగారంటే, ఈ పనికి కావలసిన ముఖ్యమైన అలవాటు మీకు ముందే ఉందన్నమాట. ప్రోగ్రామింగ్‌లో ఎక్కువ సమయం పోయేది కోడు రాయడంలో కాదు, ఏం జరిగిందో సరిగ్గా గమనించడంలోనే.

మూడు రోజుల్లో మీకు మూడు వేర్వేరు జబ్బులు కనిపించాయి గానీ, మొదటి రెండింటి మూలం ఒక్కటే. మీ లాప్‌టాప్‌లో ఒకటి కంటే ఎక్కువ పైథాన్లు ఉన్నాయి. మీరు ఒకదాన్ని పిలుస్తుంటే మరొకటి పలుకుతోంది. మీ గ్రంథాలయానికి ఒక పాఠకుడు వచ్చి మహాభారతం కావాలన్నాడనుకోండి. మీ సహాయకుడు మొదటి బీరువా నుంచి వరుసగా వెతుక్కుంటూ పోయి, మొట్టమొదట దొరికిన ప్రతినే తెచ్చి చేతిలో పెడతాడు. అయిదో బీరువాలో ఇంకా మంచి ప్రతి ఉన్నా అక్కడిదాకా వెళ్లడు. విండోస్ చేసేదీ అచ్చంగా అదే. మీరు ఒక ఆదేశం కొట్టగానే, పాత్ అనే జాబితాలో రాసి ఉన్న ఫోల్డర్లను వరుసగా చూసుకుంటూ పోయి, ఆ పేరుతో మొదట దొరికిన ప్రోగ్రామును నడిపేస్తుంది. మొదటి రోజు ఆ వరుసలో అసలైన పైథాన్ ఏదీ లేదు. ఉన్నదల్లా స్టోర్‌కు దారి చూపించడానికి విండోస్ తనంతట తాను పెట్టుకున్న ఒక బోర్డు మాత్రమే. రెండో రోజు, చాలావరకు, జాంగోను దించుకున్న పిప్ (పైథాన్‌కు కావలసినవి దించిపెట్టే సాధనం) ఒక పైథాన్‌ది, ప్రాజెక్టును నడపబోయింది మరో పైథాన్. మొదటి దాని అలమరలో జాంగో భద్రంగానే ఉంది. రెండోది తన అలమరలో వెతుక్కుని లేదంది. అది అబద్ధం చెప్పలేదు.

అందుచేత ఏ పాఠం మొదలుపెట్టే ముందైనా ఈ ఒక్క పరీక్ష చేయండి. స్టార్ట్ మెనూలో ‘సీఎండీ’ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. దానిలాగే ఆదేశాలు కొట్టే పవర్‌షెల్ కాదు, కమాండ్ ప్రాంప్టే. అందులో ‘వేర్ పైథాన్’ (where python) అని కొట్టండి. ఇక్కడ నేను తెలుగు అక్షరాల్లో రాస్తున్న ఆదేశాలన్నిటినీ మీరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి. పెద్దక్షరం కావలసిన చోట ప్రత్యేకంగా చెబుతాను. ఒకదాని కింద ఒకటిగా కొన్ని దారులు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన ఉన్నదే ప్రస్తుతం పలికే పైథాన్. ఆ దారిలో ‘విండోస్ యాప్స్’ అనే ఫోల్డర్ పేరుంటే అది చాలావరకు స్టోర్ బోర్డే. ‘అనకొండా’ అని ఉంటే మీ అబ్బాయిది. పవర్‌షెల్‌లో ఇదే ఆదేశానికి మరో అర్థం ఉంది కనుక అక్కడ ఏమీ చూపించకుండా ఊరుకుంటుంది. దాన్ని చూసి పైథాన్ లేదనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు ఉన్నారు.

మీ అబ్బాయి అనకొండాను తీసేయనక్కర్లేదు, ముట్టుకోనూ అక్కర్లేదు. టెర్మినల్ (ఆదేశాలు కొట్టే కిటికీ) తెరిచినప్పుడు వరుస మొదట్లో కుండలీకరణాల్లో ‘బేస్’ అనే మాట కనిపిస్తుంటే మాత్రం ‘కోండా డీయాక్టివేట్’ అని కొట్టి దాన్ని పక్కకు తప్పించండి. స్టోర్ బోర్డును దించేయడానికి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్, అందులో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియసెస్ తెరిచి, పైథాన్ పేరుతో ఉన్న మీటలను ఆపేయండి.

ఇప్పుడు ఏ వెర్షన్లు అన్న సంగతి. జాంగోలో 5.2 వెర్షన్‌ను 2025 ఏప్రిల్‌లో దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్‌గా విడుదల చేశారు; 2028 ఏప్రిల్ వరకు దానికి భద్రతా సవరణలు వస్తాయి. అది నడవాలంటే పైథాన్ 3.10 గానీ ఆ పైది గానీ ఉండాలి. 2025 డిసెంబరులో వచ్చిన జాంగో 6.0కైతే కనీసం పైథాన్ 3.12 కావాలి. మీ పట్టిక ఏళ్ల తరబడి నడవాలి, మీరు ప్రతి ఎనిమిది నెలలకూ వెర్షన్ మార్చుకుంటూ కూర్చోలేరు. కాబట్టి నా సలహా జాంగో 5.2, పైథాన్ 3.13. పైథాన్‌ను దాని అధికారిక సైటు నుంచే దించుకోండి. ఇన్‌స్టాలర్ తెరవగానే అడుగున కనిపించే ‘యాడ్ పైథాన్.ఈఎక్స్ఈ టు పాత్’ గడిలో టిక్కు పెట్టి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ నొక్కండి. ఎక్కువమంది ఆ గడిని చూడకుండానే ముందుకు వెళ్లిపోతారు.

ప్రాజెక్టుకు ఫోల్డర్ ఎక్కడ పెట్టుకోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. కొత్త విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి వెళ్లిపోయి ఉంటాయి. అక్కడ ప్రాజెక్టు పెడితే, అందులోని వేలకొద్దీ చిన్న ఫైళ్లను వన్‌డ్రైవ్ ఇంటర్నెట్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. మీరు డేటాబేస్‌లో రాస్తుండగానే ఆ ఫైలును అదీ పట్టుకుని కూర్చుంటుంది. సీ డ్రైవ్‌లో నేరుగా ‘లైబ్రరీ’ అనే ఫోల్డర్ పెట్టుకోండి. పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. తెలుగు పేరు పెట్టకూడదా అంటే పెట్టవచ్చు. కానీ ఎక్కడో ఒక పరికరం ఆ పేరు దగ్గర తడబడితే, తప్పు మీ కోడులో ఉందనుకుని మీరు వెతుక్కుంటారు.

ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, ‘పై’ (py) అని కొట్టి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత 3.13, మళ్లీ ఖాళీ, అడ్డగీత ఎమ్, ఖాళీ, ‘వెన్వ్’ (venv), ఖాళీ, చివరగా చుక్కతో మొదలయ్యే ‘.వెన్వ్’ అని కొట్టండి. 3.13 పైథాన్‌ను తీసుకుని, దాని వెన్వ్ అనే భాగం చేత ‘.వెన్వ్’ అనే ఫోల్డర్ కట్టించమని దీని అర్థం. ఈ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అన్న మాట విని చాలామంది బెదిరిపోతారు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్‌ను తెరిచి కళ్లారా చూడండి. ‘స్క్రిప్ట్స్’ అనే ఫోల్డర్‌లో ఒక పైథాన్, ఒక పిప్ ఉంటాయి. ‘లిబ్’ లోపలి ‘సైట్ ప్యాకేజెస్’ ఫోల్డరే మీరు దించుకునే జాంగో వచ్చి కూర్చునే అలమర. పక్కనే చిన్న కాన్ఫిగ్ ఫైలు ఒకటి ఉంటుంది; దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘హోమ్’ అనే వరుసలో, ఈ ఎన్విరాన్‌మెంట్ ఏ పైథాన్ నుంచి పుట్టిందో దారితో సహా రాసి ఉంటుంది. అంతకు మించిన మాయ ఇందులో లేదు. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో అలమర. ఒకదాని పుస్తకాలు మరొకదాంట్లో కలవవు. అది పాడైందనిపిస్తే మొత్తం చెరిపేసి ఇదే ఆదేశంతో మళ్లీ కట్టుకోవచ్చు; మీరు రాసిన కోడు దాని బయట ఉంటుంది కనుక ఏమీ పోదు. అయితే ఆ ఫోల్డర్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరపకూడదు, పెన్‌డ్రైవ్‌లో వేరే కంప్యూటర్‌కు మోసుకుపోకూడదు. లోపల పూర్తి దారులు రాసి ఉంటాయి కనుక కొత్తచోట పనిచేయదు.

మూడో రోజు మీకు కనిపించిన ఎర్ర అక్షరాల సంగతి ఇక్కడ వస్తుంది. ఎవరో పంపిన స్క్రిప్టును తెలియక నడిపి నష్టపోకుండా, మామూలు విండోస్ కంప్యూటర్లలో పవర్‌షెల్ స్క్రిప్టులను మొదటి నుంచే ఆపి ఉంచుతారు. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసే ఫైలు కూడా ఒక స్క్రిప్టే కాబట్టి ఆ కాపలా దాన్నీ ఆపింది. ఆ నిబంధనను మీ ఒక్క ఖాతా వరకు సడలించడానికి ఆదేశం ఉంది. కానీ అర్థం తెలియకుండా భద్రతా సెట్టింగులు మార్చడం నాకు నచ్చదు, మీకూ ఆ అవసరం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘.వెన్వ్’, వెనక్కి వాలిన గీత, ‘స్క్రిప్ట్స్’, మళ్లీ అదే గీత, ‘యాక్టివేట్’ అని కొడితే ఏ అభ్యంతరమూ లేకుండా పనిచేస్తుంది. వరుస మొదట్లో కుండలీకరణాల మధ్య ‘.వెన్వ్’ అని పేరు కనిపిస్తే పని జరిగినట్లే. యాక్టివేట్ చేయడమంటే పాత్ జాబితాలో మీ అలమరను అన్నిటికన్నా ముందుకు జరపడమే. అదీ ఆ ఒక్క కిటికీలోనే, ఆ కిటికీ మూసేదాకానే. మర్నాడు సాయంత్రం కొత్త కిటికీ తెరిచినప్పుడు మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. ‘నిన్న పనిచేసింది, ఈరోజు చేయడం లేదు’ అనే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. మీరు కోడు రాసుకోవడానికి వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడుతుంటే అందులో తెరుచుకునే టెర్మినల్ మామూలుగా పవర్‌షెల్ అవుతుంది. దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌కు మార్చుకోండి.

యాక్టివేట్ చేశాక మళ్లీ ‘వేర్ పైథాన్’ కొట్టి, పై వరుసలో మీ లైబ్రరీ ఫోల్డర్ పేరు కనిపిస్తోందని చూసుకుని అప్పుడే జాంగోను దించండి. పిప్‌ను నేరుగా పిలవకండి. ‘పైథాన్’, ఖాళీ, అడ్డగీత ఎమ్, ఖాళీ, ‘పిప్ ఇన్‌స్టాల్’ అని పిలవండి. అప్పుడు ఏ పైథాన్ నడుస్తుందో దాని పిప్పే నడుస్తుంది, రెండో రోజు జరిగిన పొరపాటుకు దారే ఉండదు. ఇన్‌స్టాల్ తర్వాత ‘జాంగో’ పేరు, దానికి ఆనుకుని రెండు సమాన గుర్తులు, ఆపైన 5.2.* అని రాయండి. నక్షత్రం గుర్తు వల్ల 5.2లో వచ్చిన తాజా సవరణ దిగుతుంది గానీ 6కు పోదు. జాంగో పేరులో ఇంగ్లిషులో మొదట ‘డి’ అక్షరం ఉంటుంది, పలకదు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు అది. జాంగోతోపాటు ఎఎస్‌జీఐరెఫ్, ఎస్‌క్యూఎల్‌పార్స్, టీజెడ్‌డేటా అనే మరో మూడు దిగుతాయి. మీరు అడగనివి వచ్చాయని కంగారు పడకండి. జాంగో వాటిమీద ఆధారపడుతుంది, టీజెడ్‌డేటా అయితే విండోస్‌లో కాలమండలాల వివరాలు లేకపోవడం వల్ల వస్తుంది.

ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తోంది. జాంగో పుట్టింది ఒక పత్రికా కార్యాలయంలో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్లో ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ పత్రిక సైట్ల కోసం 2003లో ఏడ్రియన్ హోలోవాటి, సైమన్ విల్లిసన్ దాన్ని రాయడం మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ ఉచితంగా విడుదలైంది. ప్రోగ్రామింగ్ తెలియని విలేఖరులు కూడా సమాచారాన్ని తామే చేర్చుకోవాలి, దిద్దుకోవాలి అన్న అవసరం నుంచి దానిలో అడ్మిన్ అనే భాగం వచ్చింది. రేపు మీ గ్రంథాలయంలో కంప్యూటర్ అలవాటు లేని సహోద్యోగి కూడా పుస్తకాల వివరాలు చేర్చగలగాలి. అందుకే మీ పనికి జాంగోను ఎంచుకోవడం సరైనదని నా నమ్మకం.

ప్రాజెక్టు మొదలుపెట్టే ఆదేశం ‘జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్ కాన్ఫిగ్’. దాని చివర ఒక ఖాళీ, ఒక చుక్క ఉండాలి. ఆ చుక్క మర్చిపోతే ‘కాన్ఫిగ్’ ఫోల్డర్‌లో మరో ‘కాన్ఫిగ్’ ఫోల్డర్ వచ్చి, ప్రాజెక్టు ఆదేశాలను నడిపే మేనేజ్.పీవై ఫైలు ఒక మెట్టు లోపలికి పోతుంది. వీడియోలో చూపించిన చోట అది కనిపించక మీరు తికమకపడతారు. ప్రాజెక్టుకు ‘జాంగో’ అని పేరు పెట్టడానికి ఒప్పుకోదు, ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉందంటుంది. ‘కాన్ఫిగ్’ అన్న పేరు నేను వాడేది, దాంట్లో ఉండేవి నిజంగానే సెట్టింగులు కాబట్టి.

తర్వాత డేటాబేస్‌లో పట్టికలు కట్టే ‘పైథాన్ మేనేజ్.పీవై మైగ్రేట్’, ఆ తర్వాత సైటును మీ లాప్‌టాప్‌లోనే నడిపే ‘పైథాన్ మేనేజ్.పీవై రన్‌సర్వర్’. మైగ్రేట్ చేయకుండా సర్వర్ నడిపితే 18 మైగ్రేషన్లు ఇంకా వర్తించలేదని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. అది తప్పు కాదు, వాడుకరుల పట్టిక వంటివి డేటాబేస్‌లో ఇంకా కట్టలేదన్న సమాచారం మాత్రమే. సర్వర్ నడుస్తున్నంతసేపూ ఆ కిటికీలో మరేమీ కొట్టలేరు, దాన్ని మూయకూడదు. వేరే ఆదేశాలకు రెండో కిటికీ తెరిచి, అక్కడ కూడా యాక్టివేట్ చేసుకోండి. ఆపడానికి కంట్రోల్, బ్రేక్ మీటలు నొక్కమని చూపిస్తుంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి బ్రేక్ మీటే ఉండదు, కంట్రోల్ సి నొక్కండి.

బ్రౌజర్‌లో 127.0.0.1, కోలన్, 8000 అని కొడితే రాకెట్ బొమ్మ ఉన్న పేజీ రావాలి. 127.0.0.1 అంటే ఈ కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా. 8000 అన్నది గది సంఖ్య వంటిది. ఇంటర్నెట్ తీగ పీకేసినా ఆ పేజీ వస్తుంది. బ్రౌజర్ తనంతట తాను ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ అని చేర్చితే మాత్రం పేజీ రాదు. ఈ సర్వర్‌కు ‘ఎస్’ లేని హెచ్‌టీటీపీ ఒక్కటే తెలుసు. టెర్మినల్ కిటికీలో కూడా అదే మాట రాసి ఉంటుంది. పేజీ రాకపోతే ఎప్పుడూ బ్రౌజర్ వైపు చూస్తూ ఉండిపోకండి, టెర్మినల్ వైపు చూడండి. జవాబు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. అలాగే తప్పుల సందేశాన్ని పైనుంచి చదవకండి, చివరి వరుస నుంచి పైకి చదవండి. మీరు రెండో రోజు చూసిన సందేశమే తీసుకోండి. మేనేజ్.పీవై ఫైలు నడుస్తూ జాంగోను కనుక్కోలేకపోతే ‘నో మాడ్యూల్’ అన్న వరుస దగ్గరే ఆగదు. ఇంకా కిందికి వెళ్తే, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేయడం మర్చిపోయారా అని మిమ్మల్నే అడుగుతుంది.

అడ్మిన్‌లోకి ప్రవేశించడానికి ‘పైథాన్ మేనేజ్.పీవై క్రియేట్‌సూపర్‌యూజర్’ కొట్టినప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే తెరమీద చుక్కలు కూడా కనిపించవు. మీటలు పాడైనట్లే ఉంటుంది. పాడవలేదు, కనిపించకుండా లోపలికి వెళ్తోంది. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. రెండోది వాడుకరి పేరు. దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టుకోండి. తెలుగులో ‘లక్ష్మి’ అని పెడితే సరైన పేరు కాదంటుంది. జాంగో ఆ పేరులో పైథాన్ లెక్క ప్రకారం అక్షరాలు, అంకెలు, @ . + - _ గుర్తులు మాత్రమే ఉన్నాయా అని చూస్తుంది. ఆ లెక్కలో మన ‘ల’, ‘క’, ‘ష’, ‘మ’లు అక్షరాలే గానీ, గుడి, పొల్లు వంటి గుర్తులు అక్షరాల కిందికి రావు.

ఈ సంగతి మీకు మరోచోట కూడా అడ్డం వస్తుంది కనుక ఇప్పుడే చెప్పేస్తాను. పుస్తకం పేరు నుంచి వెబ్ చిరునామా తయారు చేయడానికి పాఠాల్లో ‘స్లగిఫై’ వాడమంటారు. దాన్ని మామూలుగా వాడితే తెలుగు పేరు మొత్తం ఎగిరిపోయి ఖాళీ మిగులుతుంది. యూనికోడ్‌ను అనుమతించమని చెప్పి వాడితే ‘తెలుగు’ అన్న మాట ‘తలగ’గా బయటికి వస్తుంది, గుణింతాలన్నీ రాలిపోతాయి. మీ రిజిస్టర్‌లో ప్రతి పుస్తకానికీ ఒక నమోదు సంఖ్య ఎలాగూ ఉంటుంది. చిరునామాలో ఆ సంఖ్యనే వాడండి, ఈ బాధ ఉండదు.

సెట్టింగ్స్ ఫైలులో మొదటి రోజే రెండు వరుసలు మార్చుకోండి. ‘లాంగ్వేజ్ కోడ్’ దగ్గర ‘టీఈ’ అని పెడితే అడ్మిన్ పేజీల్లో చాలా మాటలు తెలుగులోకి వస్తాయి. అనువాదం నిండుగా లేనిచోట ఇంగ్లిషే కనిపిస్తుంది. ‘టైమ్ జోన్’ దగ్గర ఉన్న యూటీసీని తీసేసి ‘ఏషియా’, ఏటవాలు గీత, ‘కోల్‌కతా’ అని పెట్టండి. ఆ పేర్లు రెండూ పెద్దక్షరంతో మొదలవ్వాలి. అలా మార్చకపోతే ఉదయం 10 గంటలకు మీరు చేర్చిన పుస్తకం తెల్లవారుజామున 4.30కు చేర్చినట్లు కనిపిస్తుంది. ‘డీబగ్’ అన్నది ‘ట్రూ’గానే ఉండనివ్వండి, తప్పు జరిగినప్పుడు ఏ ఫైలులో ఏ వరుసలో జరిగిందో చూపించేది అదే.

డేటాబేస్ కోసం ఏమీ వేయకండి. వీడియో పాఠాల్లో మైఎస్‌క్యూఎల్ వేయమన్నా ఇప్పుడు వద్దు. దాన్ని పైథాన్‌తో కలిపే భాగం విండోస్‌లో మరో మూడు సాయంత్రాలు తినగలదు. జాంగో మైగ్రేట్ చేసినప్పుడే మీ ఫోల్డర్‌లో డీబీ.ఎస్‌క్యూలైట్3 అనే ఫైలు వచ్చింది. మీ డేటాబేస్ మొత్తం ఆ ఒక్క ఫైలే. నాలుగు వేల పుస్తకాలంటే దానికి చాలా తేలికైన బరువు. ఎస్‌క్యూలైట్‌లో ఇంగ్లిషు కాని భాషల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకుండా వెతకడం సరిగ్గా కుదరదని జాంగో పత్రాలు హెచ్చరిస్తాయి; మన లిపిలో ఆ తేడాయే లేదు కాబట్టి తెలుగు పేర్ల వెతుకులాటకు ఆ హెచ్చరిక వర్తించదు. వారానికొకసారి సర్వర్ ఆపి, ఆ ఫైలును తేదీ పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోండి.

రిజిస్టర్లలోని వివరాలను ముందు ఎక్సెల్‌లో కొట్టుకుని ఒకేసారి ఎక్కించాలని మీకు అనిపించవచ్చు. మంచి ఆలోచనే, కానీ ఎక్సెల్‌లో దాచేటప్పుడు రకాల జాబితాలో కనిపించే మామూలు సీఎస్‌వీని ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఒకసారి మారాక ఆ ఫైలులోంచి వాటిని తిరిగి తెచ్చుకునే దారి ఏ ప్రోగ్రాములోనూ లేదు. అదే జాబితాలో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని వేరుగా ఉంటుంది, దాన్నే ఎంచుకోండి. అసలు ఎక్సెల్ ఫైలును కూడా పక్కన ఉంచుకోండి. పైథాన్‌లో ఆ ఫైలును తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ అని రాయండి. లేకపోతే ఎక్సెల్ ఫైలు మొదట్లో చేర్చే కనిపించని గుర్తు ఒకటి మీ మొదటి నిలువు వరుస పేరుకు అంటుకుని, ఆ పేరుతో వెతికితే దొరకదు. ఎన్‌కోడింగ్ అసలే రాయకపోతే, 3.13 పైథాన్ విండోస్‌లో పాత పాశ్చాత్య అక్షర పట్టికతో ఫైలు తెరుస్తుంది, తెలుగు దగ్గర ‘చార్‌మ్యాప్’ అంటూ ఆగిపోతుంది. డేటాను ‘డంప్‌డేటా’తో బయటికి తీసేటప్పుడూ ఇదే చిక్కు. అక్కడ పైథాన్ అన్న మాటకూ మేనేజ్.పీవైకీ మధ్య అడ్డగీత, పెద్ద ఎక్స్, దానికి ఆనుకుని ‘యూటీఎఫ్8’ అని చేర్చి, ఫైలు పేరును అడ్డగీత ఓ తర్వాత ఇవ్వండి.

పట్టిక కోసం ‘స్టార్ట్‌యాప్’తో యాప్ (ప్రాజెక్టులో ఒక పనికి సంబంధించిన భాగం) మొదలుపెట్టాక, దాని పేరును సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ జాబితాలో చేర్చడం మర్చిపోకండి. మర్చిపోతే ‘మేక్‌మైగ్రేషన్స్’ అన్నప్పుడు ఏ మార్పూ కనిపించలేదంటుంది. మీరు మోడల్ (పట్టికలో ఏ గడులుండాలో చెప్పే కోడు) ఎంత శ్రద్ధగా రాసినా దానికి ఆ యాప్ ఉన్నట్లే తెలియదు.

గ్రంథాలయంలోని ఫోన్‌లోనో రెండో కంప్యూటర్‌లోనో చూపించాలంటే రన్‌సర్వర్ పక్కన 0.0.0.0, కోలన్, 8000 అని చేర్చి, ‘ఐపీకాన్ఫిగ్’తో తెలిసిన మీ లాప్‌టాప్ చిరునామాను సెట్టింగ్స్‌లో ‘అలౌడ్ హోస్ట్స్’లో రాయాలి. విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే అనుమతించండి. ఇది మీ సొంత వైఫై మీద, కాసేపు చూపించడానికే. బయటి వైఫై మీద చేయకండి; డీబగ్ ట్రూగా ఉన్నప్పుడు ఒక చిన్న తప్పు జరిగినా మీ కోడు, సెట్టింగుల వివరాలు చూసేవాళ్లందరి ముందూ పరుచుకుంటాయి. ఈ రన్‌సర్వర్‌ను ప్రజల ముందు పెట్టవద్దని, దానికి భద్రతా పరీక్షలు జరగలేదని జాంగో పత్రాలే స్పష్టంగా చెబుతాయి.

హోస్టింగ్ ముందే కొంటే ఈ పనులేవీ తప్పవు. ఇవే పనులు కళ్లకు కనిపించని దూరపు కంప్యూటర్‌లో, నెలనెలా డబ్బు కడుతూ చేయాల్సి వస్తుంది. లినక్స్‌కు మారినా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తప్పదు. ఇప్పటి ఉబుంటు, డెబియన్‌లలో అది లేకుండా పిప్‌తో దించబోతే సిస్టమ్ పైథాన్‌ను ముట్టుకోవద్దని అవే ఆపేస్తున్నాయి. డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడమని ఎవరైనా చెబితే, 8 జీబీ ర్యామ్‌తో ఈ దశలో దాని బరువు అనవసరమని నా అభిప్రాయం. ఫార్మాట్ చేయిస్తే మీ అబ్బాయి కోర్సు పోతుంది, చిక్కు మాత్రం కొత్త లాప్‌టాప్‌లో కూడా మొదటి రోజు దగ్గర నుంచే మొదలవుతుంది.

ఈసారి కూర్చున్నప్పుడు రాకెట్ పేజీ, సూపర్‌యూజర్ వరకు వస్తే చాలు. ఆ మరుసటి సాయంత్రం పుస్తకం పేరు, రచయిత, నమోదు సంఖ్య అనే మూడు గడులతో మోడల్ రాసి, ఒక్క బీరువాలోని పుస్తకాలను అడ్మిన్ ద్వారా చేత్తో చేర్చండి. ప్రచురణ సంవత్సరం లేని పుస్తకాలు, రచయిత స్థానంలో సంపాదకుడున్నవి, ఒకే పేరుతో రెండు సంపుటాలున్నవి ఆ బీరువాలోనే బయటపడతాయి. వాటిని బట్టి గడులు మార్చుకుని, మైగ్రేషన్ చేసి, ఆ తర్వాతే ఎక్సెల్ పని మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ రాయండి: ‘వేర్ పైథాన్’ అంటే వచ్చిన వరుసలు, మీరు కొట్టిన ఆదేశం, తప్పుల సందేశంలో చివరి వరుస. ఈ మూడూ ఉంటే అక్కడి నుంచి అందుకుని చెబుతాను.